అల్లుడిగారి కార్డుకి నీళ్ళ వైద్యం

పెళ్ళయిన ప్రతి మగవాడూ తన కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డుకి నీళ్ళ గొట్టాలు బిగించుకుని తీరాలని ఒక చట్టం రావాలి!

ఊరికే అనడం లేదు. నలుగురిలో మాట్లాడమంటే ఊ, ఆ అని సరిపెట్టే మనిషిని. అలాంటివాణ్ణి కాగితం మీద ఇంత గొంతు చేసుకుంటున్నానంటే, అందులో నాకు ఎంత మేలు కనిపించి ఉంటుందో మీరే ఆలోచించండి.

గ్రాఫిక్స్ కార్డంటే ఏమిటని అడిగేవాళ్ళు ఉంటారు. నేనూ అడిగాను. కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీసిపెట్టే యంత్రమట అది. పెట్టె లోపల ఇటుకంత ఉంటుంది. బొమ్మ ఎంత ముచ్చటగా గీస్తే అంతగా కాగిపోతుంది. అందుకని పుట్టుకతోనే మూడు చిన్న ఫ్యాన్లు తగిలించి పంపుతారు. మా అల్లుడి కార్డు వాటిలో బాగా గొప్పింటి బిడ్డ. దానికి ఆ మూడు ఫ్యాన్లూ చాలవట!

మరి ఏం చేయాలి? ఆ ఫ్యాన్లు పీకేయాలి. వాటి చోట ఒక రాగి పలక, దాని వెనక ఒక నీటి పంపు, పంపు నుంచి రెండు నల్లటి గొట్టాలు, గొట్టాల చివర ఒక రేడియేటరు పెట్టాలి. ఆ రేడియేటరు చల్లబడటానికి మళ్ళీ దానికి ఫ్యాన్లు! దీని పేరు లిక్విడ్ కూలర్. ట్రాక్టరుకి ఉండే ఏర్పాటే. ట్రాక్టరు దున్నుతుంది, ఇది దున్నదు. నా బుద్ధికి అందిన తేడా అంతే.

ఇంత విద్య నాకు ఎలా అబ్బింది? కన్ను వల్ల.

కుడికంట్లో శుక్లం తీయించుకోవడానికి అమ్మాయి దగ్గరికి వచ్చాను. మా అమ్మాయి నర్సు. తను పనిచేసే ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేయించింది. కంటికి పట్టీ, పట్టీ మీద నల్ల కళ్ళద్దాలు పెట్టి, వంగకూడదు, బరువెత్తకూడదు, స్టూలెక్కకూడదు అని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టింది. నల్ల కళ్ళద్దాల్లో ఒక సుఖం ఉంది. అవి పెట్టుకున్నవాడికి ఏమీ కనిపించదని ఇంటిల్లిపాదీ నమ్మేస్తారు. ఎడమకన్ను ఒకటుందని ఎవరికీ గుర్తురాదు.

ఆ ఎడమకంటితో చూసిందే మీకు చెబుతున్నాను.

అమ్మాయికి నైట్ డ్యూటీ. తెల్లారాక ఇంటికొచ్చి, పగలు పడుకోవాలి. ఇంట్లో హాలు కాక రెండు గదులు. ఒకటి పడగ్గది, రెండోది కంప్యూటర్ గది. ఏసీ ఏ గదిలో ఉంటుందంటారు? కాగేది ఎవరో వాళ్ళ గదిలో!

పడగ్గదిలో పైన ఒక ఫ్యాను ఉంది. అది తిరగడం లేదంటే అబద్ధమవుతుంది. తిరుగుతుంది. దాని మీద వాలిన ఈగ కూడా లేవదు, అంత మర్యాదగా తిరుగుతుంది. కెపాసిటర్ పోయింది. అగ్గిపెట్టెంత వస్తువు. ఎండలు ముదరక ముందు నుంచీ అమ్మాయి చెబుతూనే ఉంది.

"ఏమండీ, ఆ ఫ్యాను సంగతి..."

"ఆదివారం చూస్తానన్నాగా."

"ఏ ఆదివారమో చెబితే నేనూ సెలవు పెడతాను. కళ్ళారా చూస్తాను."

"వెటకారం వద్దు. కెపాసిటర్ మార్చడం ఎంత పనే? చిటికెలో పని."

"అయితే వేయండి చిటికె. పోనీ, ఎలక్ట్రీషియన్ని పిలవనా?"

"ఇంజనీర్ని ఇంట్లో పెట్టుకుని ఫ్యానుకి మనిషిని పిలుస్తావా? అపార్ట్‌మెంటంతా నవ్వుతారు!"

నేను గొంతు సవరించుకుని, "నేను చూడనా బాబూ?" అన్నాను. "నాన్నా!" అంది అమ్మాయి. "మామయ్యా!" అన్నాడు అల్లుడు. "స్టూలెక్కారంటే మళ్ళీ తీసుకెళ్ళి వార్డులో పడుకోబెడతా" అని అమ్మాయి ఎలక్ట్రీషియన్ మాటే మర్చిపోయింది. ఆలుమగలు ఒక్క మాట మీద నిలబడటం ఆ వేసవిలో అదే మొదలు. అదీ నా వల్లే జరిగినందుకు సంతోషించి ఊరుకున్నాను.

అల్లుడు చెడ్డవాడని మీరు అనుకోకూడదు. కష్టజీవి. ఇంకా కట్టని ఇళ్ళకి ముందుగానే బొమ్మలు గీసిచ్చే ఉద్యోగం. ఇంట్లోంచే చేస్తాడు. ఒకరోజు నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళి తెర ముందు కూర్చోబెట్టాడు.

"ఇటు చూడండి మామయ్యా. ఇది పడగ్గది. గాలి ఈ కిటికీలోంచి వచ్చి ఇలా అటు పోతుంది. ఇక్కడ పడుకున్నవాళ్ళకి ఒళ్ళు తెలియని నిద్ర!"

ముక్కూమొహం తెలియనివాళ్ళ పడగ్గదిలోకి గాలి ఎటునుంచి రావాలా అని ఇంతగా మథనపడే మనిషిని ఎవరైనా వేలెత్తి చూపగలరా? గోడకి అవతల మా అమ్మాయి దిండు తిరగేసి తిరగేసి చల్లటి వైపు వెతుక్కుంటోంది. ఆ చప్పుడు నాకు వినిపించింది. అతనికి హెడ్‌ఫోన్స్ ఉన్నాయి.

కార్డు వల్ల మనిషికి దయాగుణం ఎలా పెరుగుతుందో చూడండి. తెర మూలన దాని ఒంటి వేడి అంకెల్లో కనిపిస్తూ ఉంటుంది. ఫోనులోనూ కనిపిస్తుంది. అన్నం తింటూ చూస్తాడు, స్నానానికి పోతూ చూస్తాడు. అంకె ఒకటి పెరిగితే అతని ముఖం వాడిపోతుంది. "ఇందాక బానే ఉంది, ఏమైందో" అని చేత్తో పెట్టె తడిమి చూస్తాడు.

మొన్నామధ్య అమ్మాయికి జ్వరం వచ్చింది. గుమ్మంలో నిలబడి, "టాబ్లెట్ వేసుకున్నావా?" అన్నాడు. ఎంతుందని అడగలేదు. ఎందుకడగాలి? ఆమె నర్సు, ఆమె చూసుకుంటుంది. కార్డు నర్సింగ్ చదివిందా పాపం?

ఆ రోజు అల్లుడికి ఆఫీసులో సెలవు దొరకలేదు. కూలర్ బిగించడానికి దొరికింది! సెలవులిచ్చేవాళ్ళకి కూడా ఏది ప్రాణాపాయమో ఏది కాదో తెలుసన్నమాట.

కూలర్ పెట్టె రాగానే అమ్మాయిని పిలిచి చూపించాడు. "ఇదంతా నీకోసమే. కార్డు ఫ్యాన్ల మోతకే కదా నీకు పగలు నిద్ర పట్టనిది? ఇక సైలెంట్!"

"నాకు మోత కాదండీ, ఉక్క."

"రెండూ ఒకటేనే. రూట్ కాజ్ హీటే కదా!"

మూలకారణం దాకా వెళ్ళే మనిషికి పైకప్పు దాకా చూసే తీరిక ఉండదు. నేను ఒప్పుకుంటాను.

బిగింపుకి ఒక స్నేహితుడు వచ్చాడు. కంప్యూటర్లు విప్పి బిగించుకునే వాళ్ళ బృందంలో అతన్ని పేస్టుబాబు అంటారట. కార్డు మీదున్న చిప్పుకీ రాగి పలకకీ మధ్య బూడిదరంగు పేస్టు ఒకటి పూయాలి. అందులో ఆయన ఆరితేరినవాడు. జేబులో సిరంజి లేకుండా గడప దాటడు. మా అమ్మాయి ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కనాడూ సిరంజి ఇంటికి తేలేదు.

ఆ ఏర్పాట్లు చూడాలి! బల్ల మీద తెల్లటి తువ్వాలు. చేతులకి గ్లవ్స్. నెత్తిన లైటు. విప్పిన స్క్రూలకి ఒక సాసరు. నా కన్ను కోసిన డాక్టరు కోస్తూ కోస్తూ పక్కనున్న నర్సుతో తను కొనబోయే కారు గురించి మాట్లాడాడు. ఇక్కడ మాత్రం ఊపిరి బిగపట్టారు. నన్ను తుమ్మవద్దన్నారు.

"పేస్టు చుక్కలా పెడదామా, అడ్డంగా గీతలు గీద్దామా బావా?"

"గీతలైతే అంచులదాకా పాకుతుంది."

"ఎక్కువైతే పక్కకి కారుతుంది."

"తక్కువైతే?"

పేస్టుబాబు ముఖం గంభీరమైంది. "తక్కువైతే కార్డు జన్మలో క్షమించదు."

ఇంత పాపభీతి ఉన్న యువకుల్ని చూసి చాలా కాలమైంది.

తీరా చూస్తే రేడియేటరు పెట్టెలో పట్టలేదు. వేళ్ళతో కొలిచారు, తలకిందులు చేశారు, గొట్టాలు మెలిపెట్టారు. చివరికి పెట్టె నెత్తిన బొక్కలు పెట్టడమే మార్గమని తేల్చి, డ్రిల్లు తీశారు.

అప్పుడే అమ్మాయికి కన్నంటుకుంది. డ్రిల్లు పెట్టిన కేకకి జుట్టు ముడి వేసుకుంటూ బయటికి వచ్చింది.

"ఏం చేస్తున్నారండీ?"

"నీ నిద్ర కోసమేనే! ఒక్క నాలుగు బొక్కలు, అయిపోయింది."

"సైలెంట్ చేసేస్తున్నాం అక్కా" అన్నాడు పేస్టుబాబు, డ్రిల్లు ఆపకుండానే.

అమ్మాయి కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుంది. తర్వాత నాకు కంటిచుక్కల వేళయిందని మందుల పెట్టె తెచ్చి, నా కళ్ళద్దాలు తీసి, తల వెనక్కి వంచింది. చుక్కల సీసా ఎడమకంటి మీదికి తెచ్చింది.

"తల్లీ, అది బాగున్న కన్ను" అన్నాను.

చేయి ఆగిపోయింది. సీసా వంక చూసింది, నా పట్టీ వంక చూసింది. పక్కన కుర్చీలో కూలబడింది.

"వార్డులో ఇలా చేస్తే నాన్నా?" అంది చాలా చిన్నగా.

లోపల డ్రిల్లు రెండో బొక్క మొదలుపెట్టింది.

ఇలాంటి చిన్న చిన్న అవాంతరాలకి వెరిస్తే విజ్ఞానం ముందుకు సాగుతుందా? సాయంత్రానికి బిగింపు పూర్తయింది. గొట్టాలు పెట్టె నెత్తిన కొమ్ముల్లా లేచాయి. కింద టిష్యూ పేపర్లు పరిచారు, చుక్క నీరు కారితే తెలియడానికి. స్విచ్ వేశారు. రంగురంగుల దీపాలు వెలిగాయి. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఫొటోలు తీసి వాళ్ళ బృందానికంతటికీ పంపారు.

అంత ఉత్సాహం చూసి నేను కూడా ఉండబట్టలేక అడిగాను. "ఇప్పుడు ఆ కార్డు వేడి ఎక్కడికి పోతుంది బాబూ?"

"నీళ్ళలోకి మామయ్యా."

"నీళ్ళలోంచి?"

"రేడియేటరులోకి."

"అక్కణ్ణుంచి?"

"గదిలోకి."

"గదిలోంచి?"

"ఏసీ లాగి బయట పారేస్తుంది" అని చేత్తో చూపించాడు.

అటు చూశాను. ఏసీ బయటి పెట్టె పడగ్గది కిటికీ కింద ఉంది. అక్కడితో నా ప్రశ్నలు అయిపోయాయి.

చూశారా ఎంత చక్కటి ఏర్పాటో! కార్డు తన వేడిని నీళ్ళకి అప్పజెబుతుంది. నీళ్ళు రేడియేటరుకి, రేడియేటరు గదికి, గది ఏసీకి, ఏసీ కిటికీకి. ఎవరూ తమ దగ్గర ఉంచుకోరు. అందరి చేతులూ దులిపేసుకున్న వేడి చివరికి మంచం మీద పడుకున్న మా అమ్మాయి దగ్గరికొచ్చి ఆగుతుంది. ఆమెకి గొట్టం లేదు.

ఇంతలో పిడుగు పడింది. తెర మూలన అంకె లేవడం మొదలుపెట్టింది. పాత ఫ్యాన్లతో ఎన్నడూ చేరని చోటికి చేరింది. అల్లుడి ముఖాన నెత్తురు చుక్క లేదు. తెర నల్లబడి కంప్యూటర్ దానంతటదే ఆరిపోయింది.

"పేస్టేనా?" అన్నాడు పేస్టుబాబు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తువ్వాలు, గ్లవ్స్, నెత్తిన లైటు. స్క్రూలు విప్పి రాగి పలక ఎత్తారు. ఎత్తి, ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

కొత్త రాగి పలక మీద గీతలు పడకుండా పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపుతారట. బిగించేముందు దాన్ని ఊడదీయాలి. ఆ మాట దాని మీదే ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది. దాని మీదే, గీతలు గీయాలా చుక్క పెట్టాలా అని అంతసేపు వాదించుకుని, పేస్టు పూశారు!

"నువ్వు తీశావనుకున్నా బావా."

"పేస్టు నీ డిపార్ట్‌మెంటు కదరా!"

"పేస్టు నాది. పొర నాది కాదు."

పొర తీయించుకోవడానికి ఇంత దూరం వచ్చినవాణ్ణి. జాలిపడ్డాను. కంటి మీదైనా రాగి మీదైనా, ఉన్నంతసేపూ ఉందని తెలియదు.

పేస్టు అంతా గోకి తుడిచారు. మళ్ళీ పూయడానికి సిరంజిలో మిగిలింది సరిపోదని తేలింది. పేస్టుబాబు మేలురకం తేవడానికి బజారుకి పరిగెత్తాడు. అల్లుడు ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చి, ఫొటోలు చూసి పొగిడినవాళ్ళకి ఏం చెప్పాలా అని తల పట్టుకున్నాడు.

కంప్యూటర్ గదిలో ఎవరూ లేరు. పెట్టె కడుపు తెరుచుకుని పడి ఉంది. ఏ ఫ్యానూ తిరగడం లేదు, ఏ దీపమూ వెలగడం లేదు. ఏసీ ఒక్కటి మెల్లగా వీస్తోంది.

అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చింది. గుమ్మంలో ఆగి లోపలికి చూసింది. పడగ్గదిలోంచి చాప, దిండు తెచ్చి, ఖాళీ అట్టపెట్టెలు కాలితో పక్కకి జరిపి, బల్ల కింద కాళ్ళు చాపుకుని పడుకుంది. యూనిఫాం కూడా మార్చలేదు. దిండు తిరగేయలేదు.

నేను చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళి కర్టెన్ వేశాను. బల్ల మీద సాసరులో స్క్రూలు మెరుస్తున్నాయి. తలుపు దగ్గరగా వేసి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

పేస్టుబాబు తిరిగొచ్చాడు. అల్లుడు తలుపు తీయబోయాడు. "ఇప్పుడే పడుకుంది బాబూ" అన్నాను. ఇద్దరూ ఆగిపోయారు. అల్లుడు చెడ్డవాడు కాదని ముందే చెప్పాను కదా. చెబితే ఆగుతాడు. మరి అమ్మాయి చెప్పినప్పుడు? ఆమె మాటలతో చెప్పింది. మాటలకి ఆదివారాలుంటాయి.

ఆమె సాయంత్రం దాకా లేవలేదు. లేచి డ్యూటీకి వెళ్ళాక వీళ్ళిద్దరూ లోపలికి దూరారు. కాసేపటికి గదిలో కలకలం మొదలైంది. రాగి పలకని కార్డుకి పట్టి ఉంచే స్క్రూల్లో ఒకటి కనిపించడం లేదు! అదీ మామూలు స్క్రూ కాదు, మెడలో స్ప్రింగు ఉంటుంది. బజారులో దొరకదు. అది లేకుండా బిగిస్తే పలక ఒక పక్కకి వాలి చిప్పు పగులుతుందట.

ఇద్దరూ మోకాళ్ళ మీద గదంతా దేవారు. చాప దులిపారు. అట్టపెట్టెలు కుమ్మరించారు. ఫోను లైటు వేసుకుని బీరువా కింద పాకారు.

"మామయ్యా, ఇక్కడ స్ప్రింగున్న స్క్రూ ఒకటి... మీరేమైనా చూశారా?"

"నాకేం కనిపిస్తుంది బాబూ" అన్నాను, నల్ల కళ్ళద్దాలు సర్దుకుంటూ.

కంపెనీకి రాశారు. పంపిస్తాం, కొన్నాళ్ళు పడుతుందని జవాబొచ్చింది. పోనీ పాత ఫ్యాన్లే మళ్ళీ తగిలించవచ్చు కదా అంటారా? వాటి కింద పరిచిన మెత్తటి ప్యాడ్లు విప్పేటప్పుడే చిరిగిపోయాయి. పైగా ఫొటోలు పంపేశాక వెనక్కి వెళితే బృందంలో ముఖం చెల్లుతుందా?

కాబట్టి ప్రస్తుతం అల్లుడు హాల్లో నా పక్కన కూర్చుని ఆఫీసు వాళ్ళ పాత లాప్‌టాప్‌లో పని చేసుకుంటున్నాడు. ఫోనొస్తే గుసగుసగా మాట్లాడుతున్నాడు. చూసుకోవడానికి అంకె లేక, నిన్న ఏమీ తోచక, "అమ్మాయి ఈమధ్య కాస్త తేరుకున్నట్టుంది కదా మామయ్యా?" అన్నాడు. కార్డు కాక వేరొకరి ఒంటి సంగతి అతను పట్టించుకోగా వినడం నాకు అదే మొదలు.

అమ్మాయి తెల్లారగానే వచ్చి కంప్యూటర్ గదిలో పడుకుంటోంది. చుక్కలు వేసినన్నాళ్ళూ కుడికంట్లోనే వేసింది. ఆసుపత్రిలో సీనియర్ సిస్టర్లలా నా మీద కేకలు కూడా వేస్తోంది.

చూశారా మరి! ఇంకా బిగించకుండానే ఇల్లంతా ఇంత చల్లబడిందంటే, లిక్విడ్ కూలర్ మహిమ కాక ఏమిటి? అందుకే మామలందరికీ నా మనవి. మీ అల్లుళ్ళు కూలర్ పెట్టుకుంటామంటే అడ్డు చెప్పకండి. విప్పేదాకా ప్రోత్సహించండి. విప్పాక తొందరపెట్టకండి.

ఇక ఆ స్క్రూ సంగతి. నా కంటి మందుల పెట్టెలో, దూది కింద, క్షేమంగా ఉంది. భయపడకండి, ఇది కాగితం మీది రాత; తెర మీద లేనిదేదీ అల్లుడు చదవడు. పడగ్గది ఫ్యాను రెక్కలు కంటికి ఆనకుండా తిరిగిన పూట, అది కంప్యూటర్ బల్ల కింద తప్పకుండా దొరుకుతుంది. వెతికిపెట్టే పూచీ నాది. కంటి డాక్టరు నిన్ననే పట్టీ తీసేసి, ఇక వంగవచ్చు, చుక్కలు కూడా చాలు అన్నాడు.

ఆ మాట అమ్మాయీ విన్నది. ఇంటికొచ్చాక మిగిలిన మందులు సర్దుదామని పెట్టె తీసింది. దూది ఎత్తింది. ఎత్తి, ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత దూదిని మళ్ళీ ఎప్పట్లాగే కప్పి, మూత పెట్టి, పెట్టె నా ఒళ్ళో పెట్టింది. హాల్లో కూర్చున్న మొగుడికి వినపడేలా గట్టిగా అంది.

"నాన్నా, చూపు ఇంకా పూర్తిగా రాలేదు. ఇంకొన్నాళ్ళు పట్టీ ఉండాల్సిందే!"

నర్సు చెప్పాక కాదనడానికి నేనెవర్ని?